డిగ్రీ చివర్లో నర్సింగు మీద మనసు పడితే

సాఫ్ట్‌వేరు వాళ్ళ ఇళ్ళల్లో ఈ మధ్య ఓ కొత్తరకం పంచాయితీ మొదలైంది. కాలేజీలో మూడేళ్ళు చదివేసి, ఇంకొక్క ఏడాదిలో పట్టా చేతికొస్తుందనగా, పిల్లో పిల్లాడో ఇంటికొచ్చి "నేను నర్సింగులోకి వెళ్తాను" అంటారు. అమ్మానాన్నలకి నోట మాట రాదు. కాస్త తేరుకున్నాక రెండు ప్రశ్నలు వస్తాయి. మొదటిది గట్టిగా అడిగేది: "మరి ఈ మూడేళ్ళ ఫీజులూ?" రెండోది గొంతు తగ్గించి అడిగేది: "నర్సా?"

అలాంటి కేసు ఒకటి నా దగ్గరికీ వచ్చింది. మా మిత్రుల అమ్మాయి. కంప్యూటర్ సైన్సు, ఇంకా రెండు సెమిస్టర్లే మిగిలాయి. "మీ మాటైతే వింటుందండీ, కాస్త నచ్చచెప్పండి" అన్నారు వాళ్ళమ్మగారు. ఎటువైపు నచ్చచెప్పాలో మాత్రం అనలేదు, నాకు అర్థమైపోతుందని ధీమా కాబోలు. కన్సల్టెంటు ఉద్యోగం కదా, సలహా అడిగితే ఊరుకోలేను, పైగా దీనికి బిల్లింగు కూడా లేదు. అమ్మాయితో మాట్లాడాను, లెక్కలు వేశాను, నాలుగు చోట్ల చదివాను. చివరికి నాకు తేలిందేమిటంటే: డిగ్రీ ఆపొద్దు, నర్సింగూ ఆపొద్దు. మొదటి మాట పిల్లలకి, రెండో మాట తల్లిదండ్రులకి. ఎందుకో చెప్పడానికే ఈ టపా.

ముందు ఆ గొంతు తగ్గించి అడిగే ప్రశ్న సంగతి చూద్దాం, ఎందుకంటే అసలు గొడవంతా అక్కడే ఉంది. ఫీజుల ప్రశ్న దానికి కప్పిన దుప్పటి. అదే అమ్మాయి "ఆఖరి ఏడాది మానేసి స్టార్టప్ పెడతా" అంటే మనం ఇంతగా కంగారుపడం. పదిమందికీ చెప్పుకుంటాం కూడాను.

మన దగ్గర నర్సులంటే ఒక విచిత్రమైన గౌరవం ఉంది. మంచం మీద పడుకున్నంతసేపూ "సిస్టర్, సిస్టర్" అని ప్రాణాలు వాళ్ళ చేతుల్లో పెడతాం. డిశ్చార్జి అయ్యాక అదే వృత్తి పేరు పెళ్ళి సంబంధాల్లో వినబడితే మొహం పక్కకి తిప్పుకుంటాం. పల్లెటూళ్ళో సైకిలు మీదో కాలినడకనో వచ్చి పిల్లలకి టీకాలు వేసిన నర్సమ్మ అందరికీ గుర్తే. కానీ "మా అమ్మాయి నర్సమ్మ అవుతుంది" అని సంబరపడిన ఇల్లు మాత్రం, కనీసం మా చుట్టుపక్కల, నాకు గుర్తు లేదు.

దీనికి కారణాలు లేకపోలేదు. తెలుగునాట ఆధునిక నర్సింగు చాలావరకు మిషన్ ఆసుపత్రుల్లో పెరిగింది. 1883లో గుంటూరు వచ్చిన అమెరికన్ లూథరన్ మిషన్ వైద్యురాలు అన్నా సారా కుగ్లర్, 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచారు. గుంటూరు వాళ్ళకి కుగ్లర్ ఆసుపత్రి పేరు కొత్తగా చెప్పక్కర్లేదు. అలాంటి చోట్ల నర్సులుగా చేరినవాళ్ళలో ఎక్కువమంది క్రైస్తవ కుటుంబాల ఆడపిల్లలు, అందులోనూ చాలామంది ఊరు అంటరానివాళ్ళుగా చూసిన కులాలవాళ్ళు. పరాయి మగవాడి ఒళ్ళు తుడవాలి, మలమూత్రాలు ఎత్తాలి, రాత్రి డ్యూటీకి ఇల్లు వదిలి వెళ్ళాలి. కులం, మడి, ఆడదాని గడప, ఈ మూడింటినీ ఒక్క దెబ్బకి దాటిన పని అది. దాటినవాళ్ళ మీద సమాజం కక్ష కట్టింది. మనం విమానం ఎక్కేటప్పుడు ఆవకాయ జాడీతోపాటు ఆ కక్షని కూడా సర్దుకుని తెచ్చుకున్నాం. ఆవకాయకైతే కస్టమ్స్ వాళ్ళు అడ్డుపడే ప్రమాదం ఉంది, దీనికి ఆ భయం కూడా లేదు.

మన పక్కనే ఉన్న మలయాళీల కథ చూడండి. 1965లో అమెరికా ఇమిగ్రేషన్ చట్టం మారాక, కేరళ నుంచి నర్సులు ఇక్కడికి రావడం మొదలుపెట్టారు. ముందు ఆవిడ వచ్చేది, ఉద్యోగంలో కుదురుకున్నాక భర్తనీ పిల్లల్నీ పిలిపించుకునేది. ఆ భర్తలని ఊళ్ళో ఎగతాళి చేసినవాళ్ళూ ఉన్నారు, ఇక్కడి చర్చిలో ఆ మగవాళ్ళు పోగొట్టుకున్న పెద్దరికాన్ని వెతుక్కున్న వైనమూ ఉంది. షీబా మరియం జార్జ్ 2005లో దీనిమీద ఒక పుస్తకమే రాశారు. మనవాళ్ళు మొదట డాక్టర్లుగా, ఇంజనీర్లుగా, ఆ తర్వాత వై2కె పుణ్యమా అని ప్రోగ్రామర్లుగా వచ్చాం. కాబట్టి నర్సు జీతం మీద నిలబడ్డ కుటుంబాలు మన సంఘాల్లో తక్కువ, ఆ జీతం విలువా మనకి తెలియదు. ఒక తరం తిరిగేసరికి ఆ మలయాళీ నర్సుల పిల్లలు డాక్టర్లూ లాయర్లూ అయ్యారు. వాళ్ళ చదువులకి ఆ అమ్మలు చేసిన రాత్రి డ్యూటీలే పెట్టుబడి.

"అంత ఇష్టమైతే డాక్టరే కావొచ్చుగా?" అనేది తర్వాతి అస్త్రం. ఇది ఎలా ఉంటుందంటే, వంట ఇష్టమన్నవాడిని "అయితే హోటలు పెట్టు" అన్నట్టుంటుంది. రెండూ వేర్వేరు పనులండీ. ఆసుపత్రి వార్డులో డాక్టరు వచ్చి పది నిమిషాలుండి వెళ్తాడు. పన్నెండు గంటలు ఆ గదుల మధ్య తిరిగేది నర్సు. మధ్యాహ్నం మామూలుగా మాట్లాడిన పెద్దాయన సాయంత్రానికి మాట తడబడుతుంటే, నిమిషానికి ఊపిరి ఎన్నిసార్లు తీస్తున్నాడో లెక్క పెరుగుతుంటే, ముందు గమనించేది ఆవిడే. డాక్టరు రాసిన మోతాదు ఈ మనిషి కిడ్నీలకి ఎక్కువైపోతుందని ఫోను చేసి అడ్డుపడేదీ ఆవిడే. అది డాక్టరు ఉద్యోగానికి చిన్న సైజు కాదు, దాని పద్ధతే వేరు.

ఇంకా నమ్మకం కుదరకపోతే థెరీసా బ్రౌన్ గురించి చదవండి. ఆవిడ షికాగో యూనివర్సిటీలో ఇంగ్లీషు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసి, టఫ్ట్స్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పి, అది వదిలేసి నర్సింగు చదువుకుని క్యాన్సర్ వార్డులో చేరారు. న్యూయార్క్ టైమ్స్‌లో కాలమ్ రాశారు. ఒక్క షిఫ్టులో జరిగేదంతా చెబుతూ 2015లో "ది షిఫ్ట్" అనే పుస్తకం రాశారు. ఆ సాహిత్యం చదువు వృథా పోయిందని ఎవరైనా అంటారా? నర్సు ఏం చేస్తుందో బయటి ప్రపంచానికి అర్థమయ్యేలా చెప్పగలిగింది ఆ చదువు వల్లనే కదా.

సరే, డబ్బు సంగతి. మనవాళ్ళకి ఇది తేలకపోతే మిగతాదేదీ బుర్రకెక్కదు. అమెరికా కార్మిక గణాంకాల శాఖ లెక్కల ప్రకారం 2024 మే నాటికి రిజిస్టర్డ్ నర్సు మధ్యస్థ వార్షిక జీతం 93,600 డాలర్లు. సాఫ్ట్‌వేర్ డెవలపర్‌ది 1,33,080. అంటే ఏటా దాదాపు నలభై వేలు తేడా, అది చిన్నదేమీ కాదు. కానీ ఈ రెండో అంకె ఉద్యోగం దొరికినవాడిది. న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు 2025లో ఇచ్చిన పట్టికలో, 2023 సమాచారం ప్రకారం, కొత్తగా కాలేజీ దాటిన కంప్యూటర్ సైన్సు పిల్లల్లో నిరుద్యోగం 6.1 శాతం, నర్సింగు వాళ్ళలో 1.4 శాతం. అలాగని కంప్యూటర్ సైన్సు పని అయిపోయిందని నేననను, నా ఇల్లు దానిమీదే గడుస్తోంది. "అందులో భద్రత, ఇందులో గాలి దీపం" అని కళ్ళు మూసుకుని అనే రోజులు మాత్రం పోయాయి. పైచదువులు చదివి మత్తుమందు ఇచ్చే నర్సు అయితే మధ్యస్థ జీతం రెండు లక్షల డాలర్లు దాటుతుంది. దానికి ముందు ఐసీయూలో కనీసం ఏడాది అనుభవం, తర్వాత డాక్టరేటు స్థాయి చదువు కావాలి, అది వేరే సంగతి.

ఇక అసలు ప్రశ్న. ఏడాది మిగిలిన డిగ్రీని మధ్యలో వదిలి నర్సింగులో చేరాలా, పూర్తిచేసి చేరాలా?

మామూలుగా అయితే ఇక్కడ "ఇప్పటిదాకా పెట్టిన ఖర్చు" వాదన తెస్తారు. ఆ వాదన నాకు ససేమిరా ఒప్పదు. పెట్టింది పెట్టేశాం, అది ఎటూ వెనక్కి రాదు. చూడాల్సింది ఇక్కడినుంచి ముందుకి ఏ దారి దగ్గరా అని. అలా చూసినా సరే, చాలా సందర్భాల్లో పూర్తిచేయడమే దగ్గర దారి. కారణం ఇక్కడి నర్సింగు చదువు కట్టిన తీరులో ఉంది.

నాలుగేళ్ళ నర్సింగు డిగ్రీలో మొదటి రెండేళ్ళు సైన్సులూ, మామూలు సబ్జెక్టులూ. తర్వాతి రెండేళ్ళు ఆసుపత్రి క్లినికల్స్, ఒకదాని తర్వాత ఒకటి వరస తప్పకుండా. మీరు వేరే డిగ్రీలో మూడేళ్ళు చదివి వచ్చినా, ఆ వెనక రెండేళ్ళని కుదించడానికి లేదు. దానికి సీట్ల పోటీ ఒకటి. అంటే ఇవాళ మానేసి మారినా, సైన్సు సబ్జెక్టులు తక్కువ పడితే మూడేళ్ళు, అన్నీ కలిసొస్తే రెండేళ్ళు.

అదే చేతిలో ఏదో ఒక బ్యాచిలర్స్ పట్టా ఉందనుకోండి, యాక్సిలరేటెడ్ బీఎస్ఎన్ అని ఒక దారి తెరుచుకుంటుంది. వేరే సబ్జెక్టులో డిగ్రీ ఉన్నవాళ్ళకోసమే పెట్టినది, పన్నెండు నెలలనుంచి పద్దెనిమిది నెలల లోపు అయిపోతుంది. సెయింట్ లూయిస్ యూనివర్సిటీ 1971లో దీన్ని మొదలుపెట్టింది. యేల్ యూనివర్సిటీ 1974లో ఇంకో అడుగు ముందుకేసి, నర్సింగు తెలియని పట్టభద్రులని నేరుగా మాస్టర్స్‌లోకి తీసుకునే కోర్సు పెట్టింది. అంటే యాభై ఏళ్ళనుంచీ ఈ దేశంలో ఈ దారి ఉంది. "మధ్యలో మనసు మార్చుకున్న పిల్ల" అనేది మన ఇంట్లో పుట్టిన వింత కాదు, వాళ్ళకోసం కళాశాలలు విడిగా బెంచీలు వేసి కూర్చున్నాయి.

కాబట్టి లెక్క ఇది. మానేసి మారితే రెండు మూడేళ్ళు, ఒక డిగ్రీ. పూర్తిచేసి మారితే ఒక ఏడాది ప్లస్ ఏడాదో ఏడాదిన్నరో, రెండు డిగ్రీలు. కాకపోతే ఒక షరతుంది. ఆ మిగిలిన ఏడాదిలో ఎలక్టివుల కింద నర్సింగుకి ముందు కావలసిన సబ్జెక్టులు చదివెయ్యాలి. ఎనాటమీ, ఫిజియాలజీ రెండు సెమిస్టర్లు లాబుతో సహా, మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్, న్యూట్రిషన్, డెవలప్‌మెంటల్ సైకాలజీ. జాబితా ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. చాలా కాలేజీలు ఈ సైన్సులు ఐదారేళ్ళకంటే పాతవైతే ఒప్పుకోవు, కాబట్టి హైస్కూల్లో రాసిన ఏపీ బయాలజీని నమ్ముకోవద్దు.

అందరికీ ఇదే మందు కాదు. కొన్ని మినహాయింపులు చెప్తాను. ఫెడరల్ పెల్ గ్రాంటు మీద చదువుతున్న పిల్లలకి మొదటి బ్యాచిలర్స్ పట్టా చేతికి రాగానే ఆ గ్రాంటు ఆగిపోతుంది. రెండో డిగ్రీకి ఇవ్వరు. ఫెడరల్ అప్పుకి కూడా మొత్తం మీద హద్దుంది: తల్లిదండ్రుల మీద ఆధారపడ్డ అండర్‌గ్రాడ్యుయేటుకి 31,000, స్వతంత్రులకి 57,500 డాలర్లు. మొదటి డిగ్రీకే చాలావరకు వాడేసి ఉంటే రెండోదానికి ప్రైవేటు అప్పే దిక్కు. మాస్టర్స్ దారిలో వెళ్దామంటే, 2025 జూలైలో వచ్చిన చట్టం 2026 జూలై 1 నుంచి కొత్త విద్యార్థులకి గ్రాడ్ ప్లస్ అప్పులు ఎత్తేసి, మామూలు గ్రాడ్యుయేటు చదువులకి ఏడాదికి 20,500 డాలర్ల హద్దు పెట్టింది. ఎక్కువ అప్పిచ్చే వృత్తివిద్యల జాబితాలో నర్సింగుని చేర్చకపోవడం మీద 2025 చివర్లో పెద్ద రభసే జరిగింది. ఇలాంటి ఇంట్లో, పైగా మిగిలింది ఏడాది కాక ఏడాదిన్నరో రెండేళ్ళో అయితే, మారిపోవడమే మేలు కావచ్చు. కాగితం మీద అంకెలు వేసి చూసుకోవాలి.

డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్ళకి అన్నిటికంటే చవక దారి కమ్యూనిటీ కాలేజీ. రెండేళ్ళ అసోసియేట్ డిగ్రీతో కూడా అదే ఎన్‌క్లెక్స్ పరీక్ష, అదే ఆర్.ఎన్. లైసెన్సు. తర్వాత ఉద్యోగం చేసుకుంటూ బీఎస్ఎన్ పూర్తి చేయొచ్చు. పెద్ద ఆసుపత్రులు బీఎస్ఎన్ ఉన్నవాళ్ళవైపు మొగ్గుతాయి. న్యూయార్క్ రాష్ట్రమైతే 2017లో చట్టమే చేసింది, కొత్తగా లైసెన్సు తీసుకునేవాళ్ళు పదేళ్ళలోపు బీఎస్ఎన్ తెచ్చుకోవాలని. అయినా మొదటి మెట్టుగా ఇది తీసిపారేసేది కాదు. మనవాళ్ళకి "కమ్యూనిటీ కాలేజీ" అనే మాట నామోషీ. నామోషీ ఖరీదు సంవత్సరానికి ఎంతో ఫీజుల పేజీ తీసి ఒకసారి చూడండి.

ఎక్కడ చేరినా రెండు విషయాలు తప్పకుండా చూడండి. ఆ కోర్సుకి సీసీఎన్ఈ లేదా ఏసీఈఎన్ గుర్తింపు ఉందా? వాళ్ళ విద్యార్థులు మొదటిసారే ఎన్‌క్లెక్స్ ఎంత శాతం పాసవుతున్నారు? ఈ రెండో అంకెని చాలా రాష్ట్రాల నర్సింగు బోర్డులు బహిరంగంగానే పెడతాయి. 2023 జనవరిలో ఫ్లోరిడాలో మూడు నర్సింగు స్కూళ్ళ పేరు మీద 7,600 పైగా దొంగ డిప్లొమాలు అమ్మారని ఫెడరల్ అధికారులు కేసులు పెట్టారు. ఆపరేషన్ నైటింగేల్ అన్నారు దాన్ని. తొందరలో ఉన్నవాడి జేబు మీదే అందరి కన్నూ.

పరీక్ష గురించి సరదాగా ఒక మాట. ఎన్‌క్లెక్స్ 1994 నుంచి కంప్యూటర్ మీదే. మీరు సరిగ్గా జవాబిస్తే తర్వాత ప్రశ్న కష్టమవుతుంది, తప్పైతే తేలికవుతుంది. 2023 ఏప్రిల్లో మార్చిన పద్ధతిలో కనీసం 85, ఎక్కువలో ఎక్కువ 150 ప్రశ్నలు, ఐదు గంటలు. మీ స్థాయి ఫలానా అని దానికి నమ్మకం కుదిరిన క్షణాన మెషీను ఆగిపోతుంది. 85 దగ్గర ఆగితే గొప్పగా పాసయ్యామో ఘోరంగా తప్పామో తెలియక పిల్లలు పార్కింగు లాటులో కూర్చుని ఏడుస్తారట. అల్గారిథమ్‌గా చూస్తే ముచ్చటగా ఉంది, రాసేవాడి స్థానంలో మాత్రం ఉండకూడదు.

ఎఫ్-1 మీద ఇక్కడ ఎమ్మెస్ చేస్తున్న పిల్లలకీ, ఇంటిదగ్గరనుంచి ఇది చదువుతున్న వాళ్ళకీ విడిగా చెప్పాలి, ఎందుకంటే మీ లెక్క పూర్తిగా వేరు. ఎమ్మెస్ చివర్లో ఉద్యోగం దొరకడం లేదని నర్సింగు వైపు చూస్తుంటే మూడు గోడలున్నాయి. ఒకటి, మాస్టర్స్ స్థాయిలో ఓపీటీ వాడేసుకున్నాక, మళ్ళీ కింద బ్యాచిలర్స్ చదివితే కొత్త ఓపీటీ రాదు. రెండు, ఆర్.ఎన్. ఉద్యోగానికి అసోసియేట్ డిగ్రీ చాలు కాబట్టి మామూలు వార్డు నర్సుకి హెచ్-1బి సాధారణంగా కుదరదు. మూడు, నర్సులకి గ్రీన్ కార్డు దారిలో లేబర్ సర్టిఫికేషన్ అక్కర్లేదు, షెడ్యూల్ ఏ అంటారు. వినడానికి తీపిగానే ఉంటుంది. కానీ భారతీయులకి ఆ ఈబీ-3 వరస 2025లో 2013 ప్రాంతం దగ్గరే కదులుతోంది. నర్సింగు ఫిలిప్పీన్స్ వాళ్ళకి తెచ్చినంత తేలిగ్గా మనకి వీసా తెచ్చిపెట్టదు. కాబట్టి వీసా కోసం నర్సింగు వైపు రాకండి. ఎమ్మెస్ పూర్తి చేసుకోండి. పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉన్న పిల్లలకీ, 2015 మే నుంచి అమల్లో ఉన్న రూలు కింద పని అనుమతి ఉన్న హెచ్-4 గృహిణులకీ మాత్రం ఈ దారి నిజంగా తెరిచే ఉంది.

ఇప్పుడు రెండో వైపు. నర్సింగు పల్లకీ కాదు. ఉద్యోగాలు పోతున్నాయని భయపడి, ఇష్టం లేకుండా, అందులోకి దూకేవాళ్ళకి నేను వద్దనే చెప్తాను. పన్నెండు గంటల షిఫ్టు, అందులో మొదటి ఏడాది చాలామందికి రాత్రులే. నడుములు పోతాయి. మతిస్థిమితం లేని రోగులు కొడతారు, మతి ఉన్న బంధువులు తిడతారు. రాష్ట్రాన్ని బట్టి కూడా బతుకు మారుతుంది. కాలిఫోర్నియాలో 1999లో చేసిన చట్టం 2004 నుంచి అమల్లోకి వచ్చి, ఐసీయూలో నర్సుకి ఇద్దరు, మామూలు వార్డులో ఐదుగురు రోగులని మించకూడదని కట్టడి చేసింది. చాలా రాష్ట్రాల్లో అలాంటి కట్టడి లేదు.

అందుకని ఏ పిల్ల అయినా ముందు చేయాల్సిన పని ఒకటుంది. నర్సింగు అసిస్టెంటు శిక్షణ. ఫెడరల్ రూలు ప్రకారం కనీసం 75 గంటలు, కొన్ని రాష్ట్రాల్లో ఇంకా ఎక్కువ. ఒక వేసవి సెలవుల్లో అయిపోతుంది. తర్వాత ముసలివాళ్ళ నర్సింగు హోములో రెండు మూడు నెలలు పనిచేస్తే చాలు. పక్కబట్టలు మార్చడం, ఒళ్ళు తిప్పడం, అన్నం తినిపించడం, చనిపోయినవాళ్ళని శుభ్రం చేయడం, అన్నీ చేతికి తగులుతాయి. ఆ తర్వాత కూడా "ఇదే నా పని" అంటే, తల్లిదండ్రులు నోరు మూసుకోవడం ధర్మం. "ఇది నావల్ల కాదు" అంటే ఒక వేసవితో తేలిపోయింది, డిగ్రీ చేతిలోనే ఉంది. సాఫ్ట్‌వేరులో దీన్నే పైలట్ ప్రాజెక్టు అంటాం. కోటి డాలర్ల సిస్టం కొనేముందు మూడు నెలల పైలట్ చేసే మనవాళ్ళు, పిల్లల జీవితాల విషయంలో మాత్రం నేరుగా ప్రొడక్షనులోకి వెళ్తారు.

పూర్తయిన కంప్యూటర్ డిగ్రీ నర్సుకి ఎందుకు అంటారా? నేను కొన్నేళ్ళు ఆసుపత్రి రికార్డుల సాఫ్ట్‌వేరు మీద పనిచేశాను కాబట్టి ఇది నాకు బాగా తెలిసిన జాగా. 2009 చట్టం తర్వాత అమెరికా ఆసుపత్రులన్నీ కాగితాలు వదిలి కంప్యూటర్లకి మారాయి. ఆ తెరలు గీసినవాళ్ళలో చాలామంది రోగి పక్కన ఒక్క రాత్రి కూడా నిలబడలేదు. ఫలితం: ఒక నొప్పి మాత్ర ఇవ్వడానికి ఎన్నో క్లిక్కులు, ప్రతిదానికీ హెచ్చరిక పెట్టె, చివరికి అసలు హెచ్చరికని కూడా చూడకుండా నొక్కేసే అలవాటు. మేము మీటింగు గదిలో మూడు వారాలు తలబాదుకున్న సమస్యకి, చివర్లో కూర్చున్న నర్సు ఒకావిడ రెండు నిమిషాల్లో జవాబు చెప్పడం నేను చూశాను: "ఆ ప్రశ్న మందు ఇచ్చేముందు కాదు, ఇచ్చాక అడగండి." రోగినీ ప్రోగ్రామునీ రెండింటినీ చదవగలిగే మనిషి ఎంత అరుదో అలాంటి గదుల్లో కూర్చున్నవాడికి తెలుస్తుంది. నర్సింగు ఇన్ఫర్మాటిక్స్ అని అదొక విభాగమే ఉంది ఇప్పుడు.

మగపిల్లల మాట కూడా చెప్పాలి. అమెరికాలో నర్సుల్లో మగవాళ్ళు పదిమందిలో ఒకరికి కాస్త ఎక్కువ. మన ఇళ్ళల్లో అబ్బాయి ఈ మాటంటే అమ్మాయి అన్నప్పటికంటే పెద్ద గొడవవుతుంది. పై లెక్కలన్నీ వాడికీ ఒకటే. బరువైన రోగిని మంచం మీద తిప్పాల్సి వచ్చినప్పుడు ఆ వార్డులో వాడికున్న గిరాకీ పెళ్ళి మార్కెట్లో కూడా వస్తుందని ఆశిద్దాం.

ఇంకో కారణం ఉంది, అది మన స్వార్థం. 2010, 2017 మధ్య అమెరికాలో అన్నిటికంటే వేగంగా పెరిగిన భాష తెలుగు అని, సెన్సస్ సమాచారం చూపించి చంకలు గుద్దుకున్నాం. ఆ పెరిగిన లక్షలమందిమీ ముసలివాళ్ళం అవుతున్నాం. మన అమ్మానాన్నలు ఇప్పటికే అయ్యారు, ఆరేసి నెలలు వచ్చి ఉంటున్నారు. వాళ్ళకి ఒంట్లో బాగాలేకపోతే ఏమంటారు? "వేడి చేసింది" అంటారు. ఇది ఇంగ్లీషులోకి ఎలా వెళ్తుంది? "గుండెల్లో గ్యాస్ పట్టేసింది" అంటారు. అది అజీర్ణమూ కావచ్చు, గుండెపోటూ కావచ్చు. "ఒళ్ళు తూలుతోంది", "నరాలు లాగేస్తున్నాయి", "నీరసంగా ఉంది, అంతే, ఏం లేదులే". ఆ "ఏం లేదులే" వెనక ఎంత ఉందో తెలిసినవాళ్ళు పక్కనుంటే ప్రాణం నిలబడుతుంది. ఫెడరల్ డబ్బు తీసుకునే ఆసుపత్రి ఏదైనా తెలుగు దుబాసీని ఉచితంగా ఇప్పించాలి, కనీసం ఫోనులోనైనా. అది మీ హక్కు, మొహమాటపడకుండా అడగండి. కానీ రాత్రి మూడింటికి మంచం దగ్గరికి వచ్చి "ఏంటి తాతగారూ, నిద్ర పట్టడం లేదా?" అనే గొంతుని ఏ ఫోనూ ఇవ్వలేదు. ఆ గొంతు ఎవరో ఒకరి ఇంట్లోంచి రావాలి. అందరం మా ఇంట్లోంచి మాత్రం వద్దంటే ఎక్కణ్ణుంచి వస్తుంది?

పిల్లలకి నా మాట: ఆఖరి ఏడాది విసుగ్గా ఉన్నా గట్టెక్కండి, మధ్యలో సైన్సులు చదివెయ్యండి, వేసవిలో చేతులు మురికి చేసుకుని చూడండి. తల్లిదండ్రులకి నా మాట: ఫీజుల గురించి ఎన్ని ప్రశ్నలైనా అడగండి, అది మీ హక్కు. ఆ గొంతు తగ్గించిన ప్రశ్న మాత్రం మానెయ్యండి. లెక్కలన్నీ తేలాక చేయాల్సింది ఇంకొకటే మిగులుతుంది. రాత్రంతా నిలబడి పొద్దున్న ఎనిమిదింటికి ఇంటికొచ్చే కొత్త నర్సుకి సలహాలు అక్కర్లేదు. వేడి వేడి పప్పన్నం, పరదా వేసిన గది, సాయంత్రం దాకా మోగని ఫోను, ఈ మూడూ చాలు.